రంగయ్య ఉప్పుమళ్ళలో సముద్రపు దీపం

యుద్ధం వచ్చి కిరసనాయిలు కరువైనప్పటి నుంచి గురజాలలో నాకున్నంత మర్యాద ఎవరికీ లేదు. పొద్దుగూకితే ఊరంతా నా కొట్టు ముందే. అలాంటి నా ఇంటికి, మా తోడల్లుడు రంగయ్య నిజాంపట్నం దగ్గర సముద్రపు పోటుతో కరెంటు దీపం వెలిగించాడని కబురొచ్చింది. "పెద్దల్లుడు దీపాలకి నూనె అమ్ముతాడు, చిన్నల్లుడు సముద్రం చేతే దీపం పెట్టించాడు" అని మామగారు పదిమందిలో అన్నారట. ఆ మాట నా భార్య సీతమ్మ మురిసిపోతూ మళ్ళీ మళ్ళీ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అదంతా బూటకమని ఆమెకు కళ్ళారా చూపించడానికే ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

అష్టమి నాడు గడప దాటకూడదు గనక సప్తమి పొద్దున్నే రైలెక్కాం. పిడుగురాళ్ళ దాకా సున్నపురాయి దుమ్ము, ఆపైన ఎండ. గుంటూరులో బండి మారి తెనాలి మీదుగా సాయంత్రానికి రేపల్లె చేరాం. సత్రంలో పడుకుని, తెల్లవారాక ఇడ్లీ తిని, రూపాయిన్నరకు ఎడ్లబండి మాట్లాడుకున్నాం. "ఆ చక్రం చూట్టానికా? ఇయ్యాల అష్టమి గదండీ, సముద్రానికి ఊపుండదు" అన్నాడు బండతను. ఎందుకో ఆ మాట చెవికింపుగా ఉంది.

రంగయ్య ఎదురొచ్చి మమ్మల్ని ఉప్పుమళ్ళ గట్టు మీదికి తీసుకెళ్ళాడు. పోటు వచ్చినప్పుడు తూము తెరిచి నీళ్ళను పెద్ద మడుగులో పట్టి ఉంచుతాడు. సముద్రం తగ్గాక వాటిని వదిలితే చక్రం తిరుగుతుంది. దానికి తగిలించిన పాత లారీ డైనమో పక్క కొట్టంలో బల్బు వెలిగిస్తుంది. ఆ రోజు తూమెత్తితే చక్రం కాస్త కదిలి ఆగిపోయింది.

"అష్టమికి పోటు చాలదు అన్నయ్యా. అమావాస్య దాకా ఉండండి" అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

"ఏమే, చూశావుగా?" అన్నాను సీతమ్మతో. ఆ పూట మరదలు చేసిన మామిడికాయ పప్పు మారు వడ్డించుకుని తిన్నాను.

సీతమ్మ కదిలితేనా. "వారం ఉంటే కొంపలేం మునగవు. వెలిగితే చూసే వస్తా" అంది.

అమావాస్య నాడు భోజనాలయ్యాక, సముద్రం బాగా వెనక్కి పోయిన వేళ, రంగయ్య మమ్మల్ని కొట్టంలో కూర్చోబెట్టి తలుపు మూశాడు. బయట తూమెత్తిన చప్పుడు, వెంటనే నీళ్ళ హోరు. వెలగకూడదని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. బల్బు ముందు ఎర్రబడి, తర్వాత పచ్చగా వెలిగింది. పొగ లేదు, వాసన లేదు. చానా బాగుంది, అదే నేను ఓర్చుకోలేకపోయాను. సీతమ్మ ఎంత మురిసిపోతోందోనని తిరిగి చూస్తే, ఆమె బల్బును చూడటం లేదు. నన్ను చూస్తోంది.

"మీ మొహమేంది అట్టా ఉంది, ఎవరో పోయినట్టు?" అంది మెల్లగా.

తిరుగు రైల్లో ఆమె రంగయ్య ఊసే ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నాకే అనిపించింది. నాకు ఉక్రోషమని ఆమెకు ఎప్పుడో తెలుసు. అది ఇంత ఉందని మాత్రం ఆ కొట్టంలోనే తెలిసింది. కోపగించుకుంటే సర్దిచెప్పేవాణ్ణి. ఆమె జాలిపడింది. మీరూ ఆ దీపం చూడాలనుకుంటే అమావాస్యకో పున్నమికో చేరేలా బయల్దేరండి. నాలాగా కుళ్ళుతో వెళ్ళేవాళ్ళయితే మాత్రం అష్టమికే వెళ్ళి మర్నాడే వచ్చేయండి. కొట్టం చీకటిగా ఉంటుంది, మీ మొహం ఎవరికీ కనపడదు.