మామగారి పెన్సిలు, పేట మేడలు

పోయిన ఆదివారం నా పరువు జగ్గయ్యపేట నడిబజార్లో పోయిందండీ. పోతే పోయింది గానీ, పెళ్లాం దక్కింది. టీ తాగుతూ వినండి, చల్లారిపోతుంది.

మీకు తెలుసుగా, పెళ్లయి నెలలు గడుస్తున్నా మా ఆవిడ నందిగామలో పుట్టింట్లోనే ఉండిపోయింది. కారణం మా మామగారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. "పేట ఎంత దూరం అల్లుడు గారూ, మా ఇంట్లోనే ఉండి రోజూ బస్సులో ఆఫీసుకి వెళ్లిరండి" అంటారు. అంటే ఇల్లరికం అన్నమాట. నాకు ఒళ్లు మండిపోయేది. చివరికి ఓ కోత కోసా. "మా ఊళ్లో తాతల నాటి మేడలున్నాయండీ, నేను అద్దెకున్నది కూడా అలాంటి ఇల్లే. ఒకసారి చూస్తే మీరే అమ్మాయిని పంపిస్తారు" అన్నా. ఆయన ఆదివారం పొద్దున్నే బస్సు దిగారు.

తెల్ల పంచె, కోటు, చేతిలో పెన్సిలు. ఆయనకో అలవాటుంది. ఏ ఇల్లయినా నచ్చితే రోడ్డు మధ్యలో నిలబడి, ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, పెన్సిలుతో కొలుస్తారు. బొమ్మలేసేవాళ్లు అలాగే చేస్తారట. ఆ సంగతి నాకు తెలుసు, ఊరికి తెలీదు కదా.

మొదటి మేడ దగ్గర ఆయన పెన్సిలు ఎత్తారో లేదో, ఇంటాయన బనీనుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఎక్కడి మేడ బాబూ, వానొస్తే గొడుగేసుకుని పడుకుంటాం."

"స్తంభాలు టేకువి కదండీ?" అన్నా ఆశగా.

"టేకా? తుమ్మ. రంగేసాం, అంతే." అంటూనే తలుపు మీద చెక్కిన నెమళ్లకి ఓ గోనెసంచి అడ్డం వేసాడు.

రెండో ఇంటి పెద్దావిడ మేం అడక్కుండానే, "ఇవాళో రేపో కూలిపోతుంది నాయనా, దగ్గరికి రాకండి" అంది. పైన చూస్తే పిల్లలు డాబా మీద గెంతుతూ గాలిపటాలు ఎగరేస్తున్నారు.

మూడో ఇంటాయన మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, మామగారి చేతులు పట్టుకున్నాడు. "మాది వదిలెయ్యండి సార్. ఎదురింటి వాళ్లది కొలుచుకోండి, అదీ అసలైన మేడ."

అప్పుడు వెలిగింది నాకు. ఇంటి పన్ను పెంచడానికి కొలతలకొచ్చామనుకుంటున్నారు! "అయ్యా, ఈయన మా మామగారండీ" అన్నా కంగారుగా.

"ఆఫీసరు గారు మీ మామగారా? అయితే మీరైనా ఓ మాట చెప్పండి" అని నా చేతులు కూడా పట్టుకున్నాడు.

మామగారు మాత్రం ఈ మాటలన్నీ నిజమనే నమ్మారు. బజారు మలుపు తిరుగుతూ, "పాపం, ఊళ్లో నిలబడే ఇల్లు ఒక్కటీ లేదు అల్లుడు గారూ. మీరు నందిగామ వచ్చెయ్యడమే మంచిది" అన్నారు. ఇక మిగిలిన ఆశ నేను వెనక భాగంలో అద్దెకున్న ఇల్లే. దూరం నుంచే ఇల్లు చూపించి, ఆయన్ని ముందు పంపి, పంచదార కొనడానికి కొట్టు దగ్గర ఆగా.

పొట్లం పట్టుకుని వెళ్లేసరికి ఆయన మా ఇంటికెదురుగా పెన్సిలెత్తి నిలబడ్డారు. కబురు అప్పటికే అక్కడికి పాకిందేమో, మా ఇంటి ఓనరు రామయ్య గారు దణ్ణం పెడుతున్నారు.

"ముందు వైపు మేమే ఉంటామండీ. వెనక భాగంలో అద్దెకెవరూ లేరు. అందులో గేదెని కట్టేస్తాం."

మామగారు మెల్లగా వెనక్కి తిరిగారు. ఒక కన్ను మూసి, పెన్సిలు చాచి, నన్ను నిలువునా కొలిచారు.

"ఆ గేదె ఇదేనాండీ?"

రామయ్య గారు నన్ను చూసి నాలిక్కరుచుకున్నారు. నేను పన్ను సంగతి చెప్పేసరికి మామగారు అరుగు మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. ఆ సిగ్గులో రామయ్య గారు ఇల్లంతా తిప్పి చూపించి, "మా తాత బర్మా టేకు తెప్పించి కట్టించాడండీ" అని నిజం కూడా చెప్పేసారు. మామగారు సాయంత్రం దాకా ఆ ఇంటి బొమ్మ వేసుకున్నారు. బస్సెక్కుతూ, "ఇల్లు బాగుంది. శుక్రవారం అమ్మాయిని తీసుకొస్తా" అన్నారు.

ఎంత సంతోషించానో చెప్పలేను. అన్నట్టే నిన్న తీసుకొచ్చారు. మా ఆవిడ గడపలో కుడికాలు పెట్టి, గదంతా ఓసారి కలయజూసి, నాతో అన్న మొట్టమొదటి మాట:

"ఏవండీ, కుడితి తొట్టి ఎక్కడ?"