మైనస్ ఇన్ఫినిటీ నెమళ్లు

పెనుకొండ చుట్టుపక్కల చేలల్లో ఏ కాలంలో ఎన్ని నెమళ్లు తిరుగుతాయో లెక్కగట్టడం నా పరిశోధన. ధర్మవరం నుంచి రోజూ రాలేను కాబట్టి గుట్ట కింద ఒక చేను లెక్కను ఆ చేను గలామెకే ఒప్పజెప్పాను. డెబ్బై దాటిన మనిషి. అవ్వా అని పిలిచేదాన్ని. కనబడిన నెమళ్లకు బావి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. వారానికోసారి పోయి ఎత్తిరాసుకునేదాన్ని.

ఏడాది లెక్కలు చేరాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎండాకాలం ఆ గుట్ట కింద చుక్క నీళ్లుండవు. నీళ్లు లేనిచోట నెమళ్లు సున్నా అని, నెమళ్ల సంఖ్యను అంచనా కట్టే నా మోడల్‌లో ధీమాగా రాసేశాను. నా మోడలే నిజమైతే ఈ లెక్కలు రావడానికి అవకాశమెంతో సాఫ్ట్‌వేర్ చెప్పాలి. దాన్నే లైక్‌లీహుడ్ అంటారు. దాని లాగ్, అదే లాగరిథమ్, తీయమంటే మైనస్ ఇన్ఫినిటీ అని చూపించింది. అంటే అవకాశం సున్నా, ఇలా జరగడం అసాధ్యమని.

మూడు రోజులు కోడ్ తిరగేశాను. చివరికి ఒక్కో వరుసనే విడిగా అడిగితే దొంగ దొరికింది. నడి ఎండాకాలం, అవ్వ చేను, పద్నాలుగు నెమళ్లు!

ముసలామె ఊసుపోక గీతలు గీసిందనుకున్నాను. అప్పటికి మళ్లీ ఎండలు ముదిరాయి. పోయి నిలదీశాను.

"అవ్వా, ఎండల్లో పద్నాలుగు నెమళ్లు యాడ చూసినావు? కంప్యూటర్ కుదరదంటాంది."

"అది ఎప్పుడన్నా ఈడికి వచ్చినాదా?"

"లేదు."

"మరి దానికేం తెలుసు? రేపు తెల్లారి రా. నోరు మూసుకొని రా."

మర్నాడు నన్ను రాళ్లకుప్ప వెనక కూర్చోబెట్టింది. చేను మూల, ముళ్లకంప చాటున, రాతి తొట్టి నిండా నీళ్లు! నెమళ్లు ఒక్కొక్కటే దిగాయి. లెక్కబెడితే పదహారు.

"ఈ నీళ్లు ఎవరు పోస్తాండారవ్వా?"

"నేనే. రోజూ రెండు బిందెలు. గట్టిగా అరవాకు, పక్క చేనోళ్లు ఇంటే నన్ను తంతారు. వాళ్ల ఇత్తనాలు తినేది ఇవే."

నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

ఇంటికొచ్చి ఆ సున్నా తీసేసి, నీళ్లున్నాయా లేవా అనే కాలమ్ ఒకటి చేర్చాను. ఈసారి మామూలు మైనస్ అంకె వచ్చింది. మైనస్ అంకె చూసి అంత సంబరపడడం నాకదే మొదటిసారి. థీసిస్‌లో మాత్రం 'స్థానిక నీటి వనరు' అని రాసి ఊరుకున్నాను.

వానలు పడ్డాక ఆ సంగతి చెబుదామని పోతే, అవ్వ తెల్లకాగితం పట్టుకుని ఎదురొచ్చింది.

"బాగా వచ్చినావు పాపా. ఫారెస్టోళ్లకు అర్జీ రాసియ్యి. ఊళ్లో అందరూ ఇస్తాండారు, నేనియ్యకుంటే అనుమానమొస్తాది."

"ఏమని రాయాల?"

"నెమళ్లు శెనక్కాయలు తినేస్తాండాయి, యాడ్నుంచి వస్తాండాయో తెలీదు అని."

రాసి, చదివి వినిపించాను.

"ఇంకొంచెం ఏడుపు కలుపు," అంది.

కలిపాను.