బాబాయి కోసం తలస్నానం

హామిల్టన్‌లో చదువుకునే రోజుల్లో ఒక పొద్దున్న నాన్న ఫోన్ చేసి, "మీ బాబాయి పోయాడు. మనం మైల పట్టట్లేదు. నువ్వు తలస్నానం అవీ చెయ్యకు" అన్నారు. పొలం తగాదాతో అన్నదమ్ములకి పదేళ్లుగా మాటల్లేవు. నాకు సైకిల్ నేర్పింది మాత్రం బాబాయే. ఫోన్ పెట్టేసి నేరుగా వెళ్లి కట్టుబట్టలతోనే షవర్ కింద నిలబడ్డాను.

ఆ మధ్యాహ్నం క్లాసులో గ్రీకు విషాద నాటకం. రాజు వద్దన్నా ఒక చెల్లెలు అన్న శవం మీద గుప్పెడు మట్టి చల్లుతుంది, అందుకు ప్రాణమే పోగొట్టుకుంటుంది. "గుప్పెడు మట్టితో ఏం ఒరుగుతుంది?" అంది అక్కడి కివీ అమ్మాయి ఒకతె. నాకు ఒళ్లు మండింది. రెండేళ్లలో ఎప్పుడూ నోరు విప్పనిదాన్ని, లేచి నిలబడి వాదించాను. పోయినవాడు మనవాడని చెప్పడానికి గుప్పెడు మట్టి చాలు, చెంబుడు నీళ్లు చాలు, కాదనడానికి రాజెవరు అన్నాను. మాట ఎక్కడా తడబడలేదు. లెక్చరర్ బోర్డు వదిలేసి వచ్చి ముందు బెంచీలో కూర్చుని విన్నారు. గాల్లో తేలుతూ ఫ్లాట్‌కి వచ్చాను.

సాయంత్రం నాన్న మళ్లీ ఫోన్ చేశారు. "స్నానం చెయ్యలేదుగా?"

"లేదు నాన్నా" అన్నాను. జడ లోపల ఇంకా తడిగానే ఉంది.