సాత్తూరులో నిలిచిపోయిన బొట్టు

మా ఇళ్ళలో తాళిని బొట్టు అనే అంటాం. మా ఆయనకు హ్యామ్ రేడియో పిచ్చి, చేతిలో పట్టే చిన్న రేడియోతో ఎక్కడెక్కడివాళ్ళతోనో మాట్లాడుతుంటారు. ఆ చేతి రేడియో ఎక్కడుందో ఫోనులోని పటంలో ఎర్రచుక్క చూపిస్తుంది. దాన్నీ నేను బొట్టు అనే పిలిచేదాన్ని. చెల్లెలి కూతురి పెళ్ళిలో ఆ పిలుపే నా కొంప ముంచబోయింది.

పెళ్ళి విరుదునగర్ మండపంలో. బొట్టు తేవడం నా పని. పొద్దున్నే అక్కడ సంచి విప్పితే పూలున్నాయి, పసుపుంది, బొట్టు లేదు! కోవిల్‌పట్టిలో మా దేవుడి గూట్లోనే మరిచాను. మగపెళ్ళివారికి చెప్పకుండా మా ఆయన స్కూటరెక్కారు. కంగారులో ఫోను నా దగ్గరే వదిలేశారు. రేడియో మాత్రం నడుముకే ఉంది. ఎవరూ మీట నొక్కక్కర్లేదు, నిమిషానికోసారి తానెక్కడుందో అదే చెబుతుంది.

చుక్క కోవిల్‌పట్టి చేరింది. వెనక్కి తిరిగింది. దారి మధ్యలో సాత్తూరు వచ్చింది. అక్కడ ఆగిపోయింది! నిమిషానికోసారి కొత్త కబురు వస్తూనే ఉంది, చుక్క మాత్రం కదలదు. ముహూర్తానికి అరగంట కూడా లేదు.

ఉండబట్టలేక చెల్లెలితో అరిచేశాను. "ఏమే, బొట్టు సాత్తూర్లోనే నిలిచిపాయనే!"

పెళ్ళికొడుకు తల్లి నా వెనకే ఉంది.

"ఏమి వదినా, బొట్టు సాత్తూర్లో ఉండాదా? ఆ ఊరి కారాసేవు రుచిగా ఉంటాదని తినను పోయిందా?"

"అది ఆ బొట్టు కాదు వదినా, ఇదిగో, ఈ బొట్టు," అని ఫోను చూపించాను.

"అట్లయితే ఆ బొట్టు ఏడ?"

ఇక దాచలేకపోయాను. "అదీ... దీంతోనే వస్తా ఉండాది."

తిడుతుందనుకున్నాను. ఆమె ఫోను లాక్కుని నా పక్కనే చతికిలపడింది. "కదులు అన్నా, కదులు! ఆడ ఏమి చేస్తా ఉండావు?" అని చుక్కను గదమాయించింది. ఇద్దరం తలలు ఆనించుకుని రెప్ప వేయకుండా చూస్తున్నాం.

"ఏమి చూస్తా ఉండారు?"

తలెత్తితే మా ఆయన! చొక్కా తడిసి ముద్దయింది.

"అన్నా, మీరు సాత్తూర్లో ఉండారే!" అందామె.

సాత్తూరులో వాన పట్టుకుంటే రేడియోను సీటు కింద పెట్టారట. ఆకాశంలోని ఉపగ్రహాల కబురు అందక అది పాతచోటునే చెబుతూ వచ్చింది.

"బొట్టు?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆయన జేబులోంచి పసుపుగుడ్డ మూట తీశారు. వదిన అందుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి వేదిక వైపు పరుగెత్తింది. వెనకే నేను. మేళం జోరందుకుంది. మూడో ముడి పడ్డాకే నాకు ఊపిరాడింది.