బడి ముందు రోడ్డు, నేను రాసిన కాగితం

మా ఇంటికి మెట్లు లేవు. వీధిలోంచి ఒక్క అడుగు పైకి వేస్తే అరుగు, అరుగు దాటితే గది. అయినా మా అత్తగారు మెట్ల మీద నుంచి జారిపడ్డారని నా చేత్తో నేనే రాశాను.

డిగ్రీ చదివిన కోడలినని ఇంట్లో ఏ కాగితం వచ్చినా నాకే ఇస్తారు. ఆ రోజు ఆస్పత్రి వరండాలోనూ అంతే. దెబ్బ ఎలా తగిలిందో రాసి సంతకం పెట్టమన్నారు. పెన్ను పట్టుకుని మా ఆయన వైపు చూశాను. ఆయన వాళ్ళ చిన్నాన్న కొడుకు వైపు చూశారు. నాకు మరిది వరస. గోడకి ఆనుకుని కింద కూర్చుని ఏడుస్తున్నాడు. అతని చొక్కా మీదున్న రక్తం మా అత్తగారిది. ఆవిడని రెండు చేతులతో ఎత్తి ఆటోలో పడుకోబెట్టింది అతనే. గుద్దింది కూడా అతని ట్రాక్టరే.

బడి విడిచే వేళ జరిగింది. మా అమ్మాయి అప్పుడు ఒకటో తరగతి. మాకు రోడ్డుకి ఒక పక్క ఊరు, ఇంకో పక్క బడి. అనకాపల్లి నుంచి పైకి పోయే లారీలు, బస్సులు, చెరకు బళ్ళు అన్నీ ఆ మధ్యలోంచే పోతాయి. అత్తగారు మనవరాలి చెయ్యి పట్టుకుని సగం దాటారు. బస్సు వెనక నుంచి చెరకు లోడుతో ట్రాక్టర్ వచ్చింది. ఆవిడ పిల్లని వెనక్కి తోసేశారు. పిల్లకి మోచెయ్యి గీరుకుంది. ఆవిడకి తుంటి విరిగింది. నెల తిరక్కుండానే పోయారు.

"ఇప్పుడు కేసంటే బండి స్టేషన్‌లో కూకుంటాది," అన్నారు మా మామగారు ఆ వరండాలో. "నరికిన సెరుకంతా పొలంలో ఉంది. ఆడు మనోడు. కావాలని సేసేడేటి?"

నరికిన చెరకు రెండు మూడు రోజుల్లో గానుగకి చేరకపోతే రసం పులుస్తుంది, బెల్లం గట్టిపడదు. మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. అందుకే రాశాను. దస్తూరి బాగుందని కాగితం తీసుకున్న నర్సు మెచ్చుకుంది కూడా.

తర్వాత పిల్లని రోజూ నేనే దాటించాను. దాని వేళ్ళు పట్టుకుంటే జారిపోతాయని మణికట్టు పట్టుకునేదాన్ని. "అమ్మా, నొప్పి," అనేది. వదిలేదాన్ని కాదు.

వానలు తగ్గాక రోడ్డు బాగుచేసే ఇంజనీరుగారు టేపు పట్టుకుని వచ్చారు. ఎక్కడ ఏం కావాలో చెప్పమని గ్రామ సచివాలయంలో ఊరివాళ్ళని కూర్చోబెట్టారు. నేనూ వెళ్ళాను. బడి ముందు రెండు స్పీడ్ బ్రేకర్లు, తెల్ల గీతలు, ఒక బోర్డు. అవి చాలు నాకు. రాసుకుని మరీ వెళ్ళాను.

స్పీడ్ బ్రేకర్ అందరికీ కావాలి, ఎవరి ఇంటి ముందూ వద్దు.

"మా ఇంటి కాడ వొద్దు బాబూ, లారీ ఎక్కి దిగినప్పుడల్లా గోడలదిరిపోతాయి. ఆ బావ ఇంటి ముందెయ్యండి, ఆడికెలాగూ నిద్దర్లేదు."

"నాకు నిద్దర్లేంది నీ గురకకి బావా!"

అందరూ నవ్వారు. ఇంజనీరుగారూ నవ్వి, చేతిలో కాగితం విప్పారు. ఈసారికి రెండు చోట్లే చేయగలమనీ, ప్రమాదాలు నమోదైన చోట్లకే ముందు అవకాశమనీ చెప్పారు. పెట్రోల్ బంకు మలుపు ఒకటి, కల్వర్టు ఒకటి.

"బడి దగ్గరో?" అన్నాను.

కాగితం తిప్పి చూశారు. "అక్కడ ఏమీ జరగలేదమ్మా."

బంకు దగ్గర పల్టీ కొట్టింది ఎవరిదో పై ఊరి కారు. కల్వర్టు మీంచి పడినతను రాంబిల్లి వైపువాడు. వాళ్ళు మనవాళ్ళు కాదు కాబట్టి కేసులయ్యాయి. మనవాళ్ళు మనవాళ్ళని గుద్దితే సాయంత్రానికల్లా పెద్దలు కూర్చుని సర్దేస్తారు.

"మా అత్తగారు అక్కడే పడిపోయారండి," అన్నాను. "మెట్ల మీద కాదు. బడి ముందు."

వెనక బెంచీ మీద మరిది తలొంచుకున్నాడు. ముందు వరసలోంచి ఒకావిడ, "మా పెద్దోడి మోకాలు ఇరిగింది కూడా అక్కడే. మా అన్న బండే మరి, ఏటి సెప్తాం," అంది. తర్వాత ఇంకొకరు. తర్వాత ఇంకొకరు. అందరూ ఇంట్లో దాచుకున్నవే. ఇంజనీరుగారు మొదటి రెండూ రాసుకున్నారు. తర్వాత పెన్ను మూసేశారు.

"నేను నమ్ముతున్నానమ్మా. ఒక్కదానికైనా కాగితం ఉందా?"

కాగితం ఉంది. నా దస్తూరితోనే ఉంది.

ఆ రాత్రి పిల్ల పడుకున్నాక జరిగింది జరిగినట్టు రాశాను. "అబద్ధం రాసింది నువ్వే. రేపు నిన్నూ అడుగుతారు," అన్నారు మా ఆయన. రాయొద్దని మాత్రం అనలేదు. మామగారు అన్నం ముట్టకుండా లేచిపోయారు.

పొద్దున్నే మరిది వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బండి నేనే తోలేనని రాసేవా వదినా?"

"రాశాను."

"పెద్దమ్మ నన్నెత్తుకుని పెంచింది," అన్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

కాగితం స్టేషన్‌లో ఇచ్చాం, నకలు ఇంజనీరుగారికి. నన్నూ మా ఆయన్నీ రెండుసార్లు పిలిచి అడిగారు. ఇంకా పిలుస్తామన్నారు. బడి సంగతి వచ్చే లిస్టులో పెడతానని ఇంజనీరుగారు చెప్పారు. ఈలోగా బంకు మలుపులో, కల్వర్టు దగ్గర పని అయిపోయింది. అక్కడ నలుపూ పసుపూ చారలు మెరుస్తున్నాయి.

మళ్ళీ చెరకు నరకడం మొదలైంది. మొన్న పొద్దున్న పిల్లతో రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. లోడుతో వస్తున్న మరిది ట్రాక్టర్ మమ్మల్ని చూసి బడి ముందు ఆగింది. అతను నా వైపు చూడలేదు, దాటమని చెయ్యి మాత్రం ఊపాడు. పిల్ల "బాబాయ్!" అంటూ అడుగు ముందుకేసింది. వెనకాలున్న లారీవాడు అంతసేపు ఆగలేక హారన్ కొడుతూ పక్కనుంచి దూసుకొచ్చాడు. మణికట్టు నా చేతిలో ఉంది కాబట్టి లాగేశాను.

లారీ పోయింది. దుమ్ములో మరిది స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఉన్నాడు. పిల్ల ఈసారి నొప్పి అనలేదు. దాని మణికట్టు మీద నా నాలుగు వేళ్ళ అచ్చులు సాయంత్రం దాకా ఉన్నాయి.