గురువారం గంట ఆలస్యం

"బండి దారిలో ఆగిపోతే? నేను దుగ్గిరాల దగ్గర ఇరుక్కుపోయి, మీరు ఒంగోలులో ఉంటే, పిల్ల దగ్గర ఎవరుంటారండీ?"

సుజన ఈ మాట అడగడం ఆ వారంలో నాలుగోసారి. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న వినోద్ కుమార్ నాలుగోసారీ అదే జవాబు చెప్పాడు. "ముందు ఇల్లు దొరకనీ సుజనా."

విజయవాడలో వాళ్లుంటున్న ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతారట. రెండు నెలల్లో ఖాళీ చేయమన్నారు. చుట్టుపక్కల అద్దెలు కనుక్కుంటే సుజన జీతంలో సగానికి పైనే అడుగుతున్నారు. ఆమె బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. వినోద్‌ది మందుల కంపెనీ ఉద్యోగం. వారంలో మూడు రోజులు ఊళ్లమీదే ఉంటాడు. కూతురు లిడియాకి మూడేళ్లు. ఇక మిగిలింది ఒకటే దారి: రైలున్న ఊరు చూసుకోవడం, రోజూ సిటీకి వచ్చిపోవడం.

చదువు సైన్సు కాబట్టి సుజన ముందు పట్టిక వేసింది. అద్దె, ప్రయాణం ఎన్ని నిమిషాలు, స్టేషను ఎంత దూరం, పిల్లల డాక్టరు ఎంత దూరం, నీళ్లు. చివరి గడికి 'ఆలస్యమైతే' అని పేరు పెట్టింది. ఆ గడిలో ఏం రాయాలో తోచక అన్ని ఊళ్లకీ ఖాళీగానే వదిలేసింది.

బాపట్లలో చూసిన ఇంటికి మంచి గాలీ వెలుతురూ ఉన్నాయి. సూర్యలంక దగ్గరేనని వినోద్ మురిసిపోయాడు. "మనం సముద్రంలోకి కాదు, డ్యూటీకి వెళ్లాలి" అంది సుజన. రాకపోకలకే మూడు గంటలకు పైగా పోతుంది. రేపల్లెలో బాపట్ల అద్దెలో సగానికే ఇల్లు మొత్తం ఇస్తామన్నారు, పెరట్లో జామచెట్టుతో సహా. కానీ అక్కణ్ణుంచి తెనాలి వచ్చి బండి మారాలి. ఒక బండి తప్పితే రెండో బండీ తప్పినట్టే.

రేపల్లె నుంచి తిరిగొస్తుంటే పాసింజరులో ఎదురు సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. అరవై అయిదు దాటి ఉంటాయి. ఒళ్లో మునగకాయల కట్ట. సుజన ఫోనులో పట్టిక సరిచేసుకుంటుంటే ఆవిడ చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఏంటమ్మాయ్, పెళ్లి సంబంధాలా?"

"కాదండి, అద్దె ఇళ్లు."

"రెండూ ఒకటేలే. చూసేటప్పుడు అన్నీ బాగుంటాయి."

ఆవిడ పేరు మంగాయమ్మ. రేపల్లెలో చెల్లెల్ని చూసి తెనాలి వెళుతోంది. గుంటూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఇరవై ఆరేళ్లు ఆయాగా పనిచేసిందట, రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్లి వస్తూ. ఆ మాట వినగానే సుజన ముందుకు జరిగి కూర్చుంది.

"మీకు పిల్లలున్నారా పిన్నిగారూ? బండి ఆలస్యమైతే ఏం చేసేవారు?"

"మొదట్లో ఏడ్చేదాన్ని" అంది మంగాయమ్మ తేలిగ్గా.

ఆవిడ భర్త సుందరయ్య తాపీమేస్త్రి. పని ఉన్నచోటికల్లా నెలల తరబడి వెళ్లిపోయేవాడు. ఇద్దరు మగపిల్లలతో ఆ రైలు తిప్పలు పడలేక ఒక ఏడు మంగాయమ్మ గుంటూరుకే మకాం మార్చింది. నర్సింగ్ హోమ్‌కి ఎదురుసందులోనే గది తీసుకుంది. నడిచి వెళితే అయిదు నిమిషాలే. అంత దగ్గరున్నాక ఇంకెవరితో పనేముందని పక్కవాళ్ల పేర్లు కూడా కనుక్కోలేదు. ఒకరోజు పెద్దవాడు బడికి వెళ్లాడు. చిన్నవాడు జలుబని ఇంట్లో ఉండిపోయాడు. ఆ పూట నర్సింగ్ హోమ్‌లో రెండు కాన్పులు. ఆవిడ సాయంత్రం దాకా గడప దాటలేదు. ఇంటికి వచ్చేసరికి పిల్లాడు జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. పక్కగది వాళ్లు తలుపు తీసుకునే ఉన్నారు, కానీ లోపల పిల్లాడున్నాడనే సంగతి వాళ్లకి తెలీదు.

"అయిదు నిమిషాల దూరం" అంది మంగాయమ్మ. "అయిదు నిమిషాల దూరంలో నా కొడుకు చచ్చిపోయేవాడు. బతికాడు, దేవుడి దయ. ఆ నెలలోనే మళ్లీ తెనాలి వచ్చేశాను, జానీ బీ అని మా పాత ఇరుగమ్మ, ఆవిడ పక్కింట్లోకి."

సుజన చేతిలోని ఫోను వైపు చూసింది. తన పట్టికలో నిమిషాల గడులు ఎన్నో ఉన్నాయి. అయిదు నిమిషాలు ఎక్కడ కనబడినా అక్కడ ఎక్కువ మార్కులు వేసుకుంటూ వచ్చింది.

"మా వీధిలోనే ఒక వాటా ఖాళీగా ఉంది, జానీ బీ వాళ్ల మేడమీద. పాతది. వంటింట్లో ఇద్దరు నిలబడితే ఒకరు ఊపిరి బిగబట్టాలి. చూస్తానంటే దిగు" అంది మంగాయమ్మ, తెనాలి రాగానే మునగకాయలు భుజానికెత్తుకుంటూ.

సుజన చూసింది. వంటిల్లు ఆవిడ చెప్పినంత ఇరుకే. అద్దె రేపల్లె కన్నా ఎక్కువ, విజయవాడలో అడిగినదానికి సగం. స్టేషనుకి నడిచి వెళ్లొచ్చు. వీధి చివర పిల్లల్ని ఉంచుకునే కేంద్రం ఉంది, కాకపోతే ఆరున్నరకల్లా మూసేస్తారు. సుజన బండి సమయానికొస్తే ఆరుంబావు. మధ్యలో పావుగంట. సుజన భయమంతా ఆ పావుగంటలోనే ఉంది.

అయినా జూన్‌లో సామాను దింపారు. దింపిన మూడో రోజున మంగాయమ్మ వచ్చి, అట్టపెట్టె మీదే కూర్చుని షరతు పెట్టింది.

"ఇదిగో తల్లీ, ప్రతి గురువారం నువ్వు గంట ఆలస్యంగా రావాలి."

"బండి సమయానికే వస్తే?"

"వచ్చినా సరే. స్టేషన్లో కూర్చో. టీ తాగు. పిల్లని జానీ వదిన తెచ్చుకుంటుంది, అన్నం పెడుతుంది."

"ఊరికే, పనేం లేకుండానా?"

అప్పుడు మంగాయమ్మ జనరేటరు సంగతి చెప్పింది. వాళ్ల డాక్టరుగారు ప్రతి గురువారం పదకొండింటికి, కరెంటు ఉన్నా సరే, జనరేటరు పావుగంట నడిపించేవాడు. డీజిలు దండగని వాళ్లంతా చాటుగా నవ్వుకునేవాళ్లు. ఒక కాన్పు సగంలో ఉండగా కరెంటు పోయినప్పుడు అది ఒక్క లాగుకే అందుకుంది. అదే సందులో ఇంకో ఆసుపత్రిలో ఉన్న కొత్త జనరేటరు మాత్రం కదల్లేదు.

"ఇంటికొచ్చి ఆలోచించాను. మనుషులు కూడా అంతే కదా అనిపించింది. అప్పట్నుంచి గురువారం నా పిల్లలు జానీ వదిన దగ్గర, శనివారం ఆవిడ పిల్లలు నా దగ్గర. అవసరం ఉన్నా లేకపోయినా."

సుజన నవ్వబోయి ఆగిపోయింది. ల్యాబులో తను రోజూ పొద్దున్నే చేసే మొదటి పని అదే. రోగుల రక్తం యంత్రంలో పెట్టేముందు, ఫలితం ముందే తెలిసిన నమూనా ఒకటి పెట్టి చూడాలి. అది సరిగ్గా వస్తేనే మిగతావి నమ్మాలి. యంత్రాలకి తప్పకుండా చేసే ఆ పని మనుషుల విషయంలో ఎన్నడూ చేయలేదు.

మొదటి గురువారం ఆరుంబావుకే బండి వచ్చింది. సుజన ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని రెండు టీలు తాగింది. ఫోను పదిసార్లు చూసుకుంది. ఏడుంబావు కాగానే దాదాపు పరిగెత్తింది. లిడియా ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుంది.

"కేంద్రంలో నన్ను చూసి పిల్లనివ్వలేదమ్మాయ్" అంది జానీ బీ నొచ్చుకుంటూ. "నా ఫోటో ఏదీ అన్నారు. ఈ వయసులో నేను పిల్లల్నెత్తుకుపోయే దాన్లా ఉన్నానా? మంగాయమ్మ వదినొచ్చి గట్టిగా నాలుగు మాటలంటే ఇచ్చారు."

"ఉన్నావులే వదినా" అంది మంగాయమ్మ గుమ్మంలోంచి. "నేనైనా ఇచ్చేదాన్ని కాదు."

మర్నాడు సుజన కేంద్రంలో జానీ బీ పేరు, ఫోటో రాయించింది. ఈ లోపం నిజంగా ఆలస్యమైన రోజున బయటపడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుని, ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేకపోయింది. రెండో గురువారం లిడియా తక్కువ ఏడ్చింది. నాలుగో గురువారం జానీ బీ మనవడితో క్యారమ్స్ పావుల కోసం కొట్లాడుతూ, తల్లి వచ్చినా తలెత్తలేదు. శనివారాలు జానీ బీ మనవలు మేడమీదికి ఎక్కి వచ్చి, సుజన దగ్గర లెక్కలు చేసుకుని ఉప్మా తిని వెళ్లేవాళ్లు. ఆ వంతు కూడా మంగాయమ్మ పెట్టిందే. "ఊరికే తీసుకుంటే మొహమాటమొస్తుంది. మొహమాటమొస్తే అడగడం మానేస్తావు" అంది.

అక్టోబరులో ఒక సోమవారం పెద్ద వాన కురిసింది. వినోద్ ఒంగోలులో ఉన్నాడు. దుగ్గిరాల దాటకముందే బండి ఆగిపోయింది, సిగ్నళ్లు పనిచేయడం లేదని. ఆరున్నర దాటింది, ఏడయింది. సుజన ఫోనులో చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. ఆ పాత భయం వచ్చింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. కేంద్రం తలుపు ఎవరు తడతారో, ఏ పళ్లెంలో అన్నం పెడతారో ఆమెకు తెలుసు.

ఎనిమిదింటికి తడిసిపోయి ఇల్లు చేరింది. ఆరున్నర కావస్తున్నా సుజన వీధిలో కనబడలేదేంటని జానీ బీ అనుకుందట, గొడుగు తీసుకుని బయలుదేరిందట. కేంద్రంలో ఆయా ఏమీ అడగకుండానే పిల్లనందించిందట. లిడియా చాపమీద కూర్చుని గుడ్డు కూర కలిపిన అన్నం తింటోంది.

"అమ్మా, ఇవాళ గురువారమా?" అని అడిగింది.

సుజన జానీ బీ చెయ్యి పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే మంగాయమ్మ ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పి, "ఇక గురువారాలు మానేయొచ్చు పిన్నిగారూ, మీ పద్ధతి పనిచేస్తుందని తేలిపోయిందిగా" అంది.

మంగాయమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల అడ్డంగా ఊపింది. ఆవిడ ఆ పూట చెప్పిన మాట కోసమే సుజన ఇప్పటికీ ప్రతి గురువారం, బండి సమయానికొచ్చినా, తెనాలి ప్లాట్‌ఫారం మీద గంటసేపు కూర్చుంటోంది.

"అవసరం లేని రోజునే అడుగుతూ ఉండమ్మాయ్. అవసరమైన రోజున అడగడానికి నువ్వక్కడ ఉండవు."