పక్క వీధి చెత్తకుండీ

మొన్న మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎవరో పనసతొక్కల సంచి మరిచిపోయారు. తలుపు తెరుచుకోగానే గుప్పుమన్న ఆ పులిసిన తీపి వాసన, సింహాచలం నుంచి తెచ్చిన పనసకాయ కోసిన మర్నాడు డెబ్బైల నాటి మా విశాఖపట్నం వీధిలో వచ్చేదే.

ఆనందపురం దగ్గర పల్లెలో మాకు పెరట్లో సొంత పెంటకుప్ప ఉండేదట. ఎవరి చెత్త వాళ్లది, చివరికి వాళ్ల పొలానికే ఎరువు. నాన్నకు పోర్టులో పని దొరికి పట్నం వచ్చాక, వీధి చివర అందరికీ కలిపి ఒకటే సిమెంటు కుండీ చూసి మా మామ్మ బెంబేలెత్తిపోయింది. ఎవరింట్లో ఏం వండారో వీధంతా కనిపెట్టేస్తుందని ఆవిడ అనుమానం. అందుకే వేసవిలో తిన్న తాటిముంజెల తొక్కల దగ్గర్నుంచి, శనివారం నీసు ముట్టమని అందరికీ చెప్పుకుంటూనే వండుకున్న రొయ్యల పొట్టు దాకా అన్నీ పాత పేపర్లో చుట్టి, పైన కుంపటి బూడిద చల్లి, నా చేత పక్క వీధి కుండీలో వేయించేది.

"ఎవులైనా అడిగితే ఏటి సెప్తావ్?"

"బూడిదని సెప్తాను."

దారిలో పక్క వీధి ఆడపిల్లలు ఎదురయ్యేవారు. వాళ్ల చేతుల్లోనూ పొట్లాలే, మా కుండీలో వేయడానికి. ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

తోపుడుబండితో వచ్చి మా కుండీ ఎత్తే నూకాలంటే మామ్మకు మరీ గుర్రు. చెత్తలో చింతగింజలో సీసామూతలో కనిపిస్తే నూకాలు ఏరి ఒడిలో వేసుకునేది. ఆ మూతలు మాకే పంచేది, మేము వాటితో ఆడుకునేవాళ్లం.

ఒకరోజు మామ్మ తలంటుకోబోతూ ముక్కుపుడక తీసి కాగితం ముక్కలో మడిచి గూట్లో పెట్టింది. దీపాలు పెట్టాక ఊడ్చిన చెత్త బయట పారేస్తే లక్ష్మి వెళ్లిపోతుందని, తెల్లారేదాకా తలుపు మూలే ఉంచడం మా ఇంటి ఆచారం. ఆ సాయంత్రం దాగుడుమూతల తొందరలో ఉన్న నేను, కిందపడ్డ కాగితాలతో సహా ఇల్లు ఊడ్చి, ఆ చెత్త పట్టుకెళ్లి పక్క వీధి కుండీలో పారేశాను. పొద్దున్న మామ్మకు గుర్తొచ్చి చూస్తే గూట్లో పుడక లేదు. నాకు ఊడ్చిన కాగితాలు గుర్తొచ్చాయి. పరిగెత్తుకెళ్లి చూస్తే ఆ కుండీ అప్పటికే ఖాళీ. చెత్తేదని మామ్మ అడిగితే, ఇప్పుడే మన కుండీలో వేశానని అబద్ధమాడాను.

మామ్మ వీధిలోకి దూసుకెళ్లింది. మా కుండీ ఎత్తి బండి తిప్పుతున్న నూకాలును ఆపేసింది.

"నా పుడక నీకే దొరికుంటాది. ఒడి దులుపే!"

గుమ్మాలన్నీ మనుషులతో నిండిపోయాయి. నూకాలు నన్నొకసారి చూసి, ఒడి విప్పి దులిపింది. నాలుగు చింతగింజలు, రెండు మూతలు, ఒక విరిగిన దువ్వెన.

"సూసుకోండమ్మా. నానేటీ తియ్యనేదు."

ఒక్క మాట చెబితే ఆమె బతికిపోయేది. కానీ దీపాలు పెట్టాక చెత్త పారేసి ఇంటి లక్ష్మిని వెళ్లగొట్టింది నేనేనని తేలిపోతుంది. మామ్మ వెనక్కి తప్పుకున్నాను. ఆ తర్వాత నూకాలు మా కుండీలోంచి ఏదీ ఏరలేదు. కొన్నాళ్లకు వేరే వీధికి మారిపోయింది. దొంగ దొరక్కుండా పోయిందని మామ్మ పోయేదాకా అంటూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను, పిరికిదాన్ని.

ఇప్పుడా కుండీలు లేవు, చింతగింజలు ఏరేవాళ్లూ లేరు. పాట పెట్టుకుని చెత్తబండి వస్తుంది. తడిదీ పొడిదీ వేరుచేసి ఇస్తాం. నిన్న ఆ బండి మీద పనిచేసే అమ్మాయి మూడంతస్తులు ఎక్కి వచ్చి బెల్లు కొట్టింది.

"మీ తడి సెత్తలో వొచ్చిందమ్మా," అని కడిగిన స్టీలు చెంచా చేతిలో పెట్టింది.

థాంక్స్ చెప్పి తలుపు వేసుకున్నాను. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, మిగతా చెంచాలన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాను.